ఫ్యాన్ మూడు, సున్నా

రాత్రి రెండుంబావు.
విజయనగరంలో, గంటస్తంభం అవతల సందులో
లేత్ షాపు మీది గది.
చల్లారిన టీ మీద మీగడ కట్టింది.
పలాసలో, జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక కొట్లో
కొత్త సర్వరు పోయింది.
ఆరింటికి గింజలొలిచే ఆడవాళ్లొస్తారు.
ఎవరెన్ని కిలోలు ఒలిచారో
ఎవరికెంత రావాలో
లెక్కంతా ఇప్పుడు పాతదానిలోంచి తియ్యాలి.
మూడు నెలలైంది అది పడుకుని.

పడుకుంది గానీ పూర్తిగా కాదు.
దాని పొట్టలో గోరంత చిప్పొకటి
కరెంటున్నంతసేపూ కన్ను మూయదు.
నేను మాట్లాడేది దానితోనే.
బొమ్మల్లేవు, మౌసు లేదు.
నల్ల తెర, ఒక మాట, ఎంటర్.
నా మాట రైలెక్కదు.
పొందూరూ తిలారూ నౌపడా
ఏ స్టేషన్లోనూ ఆగకుండా పోయి
జవాబు పట్టుకొస్తుంది.

పవర్ స్టేటస్ అడిగాను. ఆఫ్ అంది.
పవర్ ఆన్ అన్నాను. సరే అంది.
ఆ సరే వెనక, నాకు వినపడని హోరొకటి
లేచే ఉంటుంది.
ఫ్యాన్ ఒకటి, తొమ్మిది వేల చుట్లు.
ఫ్యాన్ రెండు, తొమ్మిది వేల రెండొందలు.
ఫ్యాన్ మూడు, సున్నా.
వేడి అరవై ఎనిమిది. డెబ్బై మూడు. డెబ్బై తొమ్మిది.
వేడంటే నాకు అంకెలే.
చెయ్యి కాలదు.

ఆఫ్ చేసి, వాచ్‌మన్ తవిటయ్యకి ఫోన్ చేశాను.
ఆరేళ్లుగా ఎరిగిన గొంతు, చూడని మొహం.
"ఇక్కడ తొమ్మిది పెట్టెలున్నాయి బాబూ,
అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, మనదేటి?"
ఛాసిస్ ఐడెంటిఫై, రెండొందల నలభై.
నీలం దీపం వెలిగి ఆరుతున్నది చూడు,
నాలుగు నిమిషాలే ఉంటుంది అన్నాను.
"ఆఁ, కన్ను కొడతన్నాది."

మూత జరిగిన చప్పుడు.
తర్వాత చాలాసేపు ఊపిరి.
"బల్లి గుడ్లెట్టీసింది బాబూ,
రెక్కల సందున. రెండు."

ఏ సెన్సారూ చెప్పలేదు నాకీ సంగతి.
వోల్టేజీ చెప్పింది, చుట్లు చెప్పింది,
లోపలికొచ్చే గాలి ఎంత వేడో చెప్పింది.
ఒక బల్లి కాపురం పెట్టినట్టు
ఏ గడిలోనూ లేదు.

"తీసీమంటారా?"
తియ్యమన్నాను.
తవిటయ్య వేలు రెక్కల మధ్య.
నా వేలు కీబోర్డు మీద.
ఇందాక కొట్టిన ఆన్ అన్న మాట ఎక్కడికీ పోలేదు,
పైబాణం రెండుసార్లు తడితే
మళ్లీ వచ్చి నిలబడుతుంది.
చేతులు రెండూ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.
అప్పటికీ నమ్మకం లేక
కీబోర్డుని గోడవైపు తోసేశాను.

"ఒకటి చితికిపోనాది. ఒకటి బాగుంది."
బాగున్నదాన్నేం చేశావు?
"జీడిపొట్టు డబ్బాలో ఎట్టినాను. ఎచ్చగుంటాది."

చెయ్యి తీశావా అని మూడుసార్లు అడిగి
ఆన్ అన్నాను.
ఫ్యాన్ మూడు, ఎనిమిది వేల తొమ్మిదొందలు.

లాగ్ తెరిచాను. జరిగిందంతా వరసగా ఉంది,
బల్లి తప్ప.
తేదీ మాత్రం జనవరి ఒకటి,
పంతొమ్మిదొందల డెబ్బై.
నవ్వొచ్చి తవిటయ్యకి చెప్పాను.
లోపల బ్యాటరీ ఎప్పుడో చచ్చింది,
రాత్రి కరెంటు పోయినప్పుడు రోజు మర్చిపోయింది.
రోజు తెలియని ఇలాంటి పెట్టెలన్నీ
ఆ తేదీనే పుట్టామంటాయి.

తవిటయ్య నవ్వలేదు.
"నా ఆధార్‌లో కూడా అదే బాబూ.
రాసినోడు, ఎప్పుడు పుట్టావన్నాడు.
వరదొచ్చిన ఏడన్నాను.
ఏ వరదన్నాడు.
నాకేటి తెలుసు,
వంశధారకి ఎన్నొచ్చినాయో."

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.
ఫోన్లో మూడు ఫ్యాన్లూ వినపడుతున్నాయి,
అంకెలు కాదు, హోరు.

తేదీ దిద్దడానికి ఒక ఆదేశముంది.
కొట్టాను.
పెట్టె ఈ రోజుకొచ్చింది.
తవిటయ్య ఇంకా లైన్లోనే ఉన్నాడు.